బండి మొగం ఎటు?

పాకాల దగ్గర రోడ్డు పక్కన నాకొక వెల్డింగ్ షెడ్డు ఉంది. ట్రాక్టరు ట్రైలర్లు, జీపు వెనక తగిలించే చిన్న ట్రైలర్లు, ఇంటి గేట్లు, కిటికీ చట్రాలు, ఏది పడితే అది చేస్తాను. ఈ మధ్య ఎవరో ఒకరు సెల్‌ఫోను పట్టుకుని వస్తున్నారు. అందులో ఎక్కడి దేశానిదో ఒక మూసిన ట్రైలరు, ముందు ముక్కు కోసుగా, నున్నటి రోడ్డు మీద తేలిపోతూ ఉంటుంది. "అన్నా, ఇట్లాంటి ముక్కు పెట్టియ్యి. గాలి తగలదంట, డీజిలు తాగదంట" అంటారు. నాకు ఒళ్లు మండుతుంది. "గాలి సంగతి తర్వాత. ఏం మోస్తావు? ఏ మూట యాడ పెడతావు? ముందు అది చెప్పు" అని కసురుతాను. ఈయప్పకు తిక్క అనుకుంటూ కొందరు లేచిపోతారు. పోనీ.

ఈ చుట్టుపక్కల అట్లాంటి ముక్కు ట్రైలరును మొదట చేసింది నేనే. చేసింది మా అన్న కోసం. దానివల్లే మా అన్న పోయాడు. అందులో తప్పు తనదని మా నాయన ఏడాదిపాటు కుమిలిపోయాడు. తప్పు నాదని నాకు మూడో రోజే తెలుసు. తెలిసి, చెప్పకుండా, ఆయన పక్కనే కూర్చుని అన్నం తిన్నాను.

మా నాయనది బొరుగుల బట్టీ. వడమాలపేటకు అవతల మా ఊళ్లో, ఇంటిని ఆనుకునే రేకుల కొట్టం. ఉప్పునీళ్లు పట్టించిన బియ్యం కాగిన ఇసకలో పడగానే చిటపటమని తెల్లగా పూస్తుంది. ఆ పని నాయనది. మూటలు కట్టి తిరుపతి, పుత్తూరు, చిత్తూరు అంగళ్లకు వేయడం అన్న పని. నేను ఐటీఐ చదివి ఊరి రోడ్డు మీదే షెడ్డు పెట్టుకున్నాను. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నాకూ అన్నకూ పదేళ్ల తేడా. నన్ను సైకిలు మీద బడికి తొక్కుకుపోయింది ఆయనే, ఐటీఐలో చేర్చింది ఆయనే, మొదటి వెల్డింగ్ మిషను కొనిచ్చిందీ ఆయనే. అన్నకూ వదినకూ పిల్లలు లేరు. ఆ ముద్దంతా నాకే జరిగింది. అంగళ్ల దగ్గర, టీ బంకుల దగ్గర, ఎవరు కనబడినా నన్ను చూపించి, "మావాడు ఇంజనీరు కావాల్సినోడప్పా, మా కోసరం ఈడుండాడు" అనేవాడు. నాకు సిగ్గేసేది. ఆపమంటే ఇంకా గట్టిగా అనేవాడు.

బొరుగులతో ఒక తంటా ఉంది. బరువుండదు, చోటు మాత్రం కొండంత కావాలి. అన్నకు ఒక పాత జీపు, దాని వెనక నేను చేసిచ్చిన తెరిచిన ట్రైలరు ఉండేవి. పైన పట్ట కప్పి తాళ్లతో బిగించేవాడు. ఎంత బిగించినా గాలికి పట్ట లేచేది, వానొస్తే ఏదో ఒక మూల తడిసేది. తేమ తగిలిన బొరుగులు పనికిరావు. అంగడివాళ్లు నాలుగు గింజలు వేళ్లతో నలిపి చూసి, "మెత్తబడినాయప్పా, తీసుకుపో" అని మూటను గడప దాటనిచ్చేవాళ్లు కాదు. అందుకని ఒక వానాకాలం ముందు ఆ ట్రైలరుకు చుట్టూ రేకులు కొట్టి, పైన కప్పు వేసి, వెనక తలుపు పెట్టి పెట్టెలాగా చేశాను. నాలుగు పలకలూ నిట్టనిలువుగా, అగ్గిపెట్టెలాగా. వాన బాధ తీరింది. గాలి బాధ మొదలైంది.

"రేయ్, ఎనకనించి ఎవురో సొక్కా పట్టుకుని లాగినట్టుండాదిరా. ఎదురుగాలి ఉందంటే నాలుగో గేరు పన్లే" అన్నాడు అన్న, మొదటి వారమే.

నేనూ ఒకసారి పక్కన కూర్చుని పోయి చూశాను. నిజమే. లోపల ఉన్నది ఉఫ్ అంటే ఎగిరే సరుకు, జీపు మాత్రం గోడను ఈడ్చుకుపోతున్నట్టు మూలుగుతోంది. జీపు కంటే పెట్టె ఎత్తు. జీపు మీదుగా వచ్చిన గాలంతా పెట్టె ఎదురు పలకకు గుద్దుకుంటోంది. ఆ రోజే నాకు పిచ్చి పట్టింది. ఫోన్లో ట్రైలర్ల వీడియోలు చూడటం మొదలుపెట్టాను. కొన్నిటికి ముందు పలక చదును, కొన్నిటికి పై అంచు గుండ్రన, కొన్నిటికి పడవ ముక్కులాగా కోసు. ఒక్కొక్కడు ఒక్కొక్కటి గొప్పదంటాడు. ఎవరిని నమ్మాలి? మనమే చూసుకుందాం అనుకున్నాను.

ఒక ఆదివారం మధ్యాహ్నం, అన్నం తిన్నాక, అట్టపెట్టెలు చీల్చి మూడు బొమ్మ ట్రైలర్లు చేశాను. వదిన కుట్టు మిషను డ్రాయరులోంచి ఎర్రదారం తీసి, జేనెడు ముక్కలు కత్తిరించి, బొమ్మల పక్కలకు అతికించాను. జీపుకు బదులు ముందు ఒక ఇటుక. దాని ముందు టేబుల్ ఫ్యాను. చదును ముక్కు బొమ్మను పెట్టి ఫ్యాను తిప్పితే దారాలన్నీ పిచ్చెక్కినట్టు కొట్టుకున్నాయి. గుండ్రటిది కొంచెం నయం. కోసు ముక్కు దానికి పక్కలనున్న దారాలు దువ్వినట్టు వెనక్కి పడుకున్నాయి.

అన్న చూస్తూ చూస్తూ లేచిపోయి కొట్టంలోంచి చేటెడు బొరుగులు తెచ్చాడు.

"దారం గాదురా, మన సరుకే చెప్పనీ" అంటూ పిడికెడు ఫ్యాను ముందు వదిలాడు.

ఆ నవ్వులాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. చదును పెట్టెకు బొరుగులు టపటపా తగిలి మా మొహాల మీదికే తిరిగొచ్చాయి. కోసు ముక్కు దగ్గర మాత్రం రెండుగా చీలి, రెండు పక్కలా జారిపోయి, వెనక గోడ దాకా పోయి పడ్డాయి. అన్న చప్పట్లు కొట్టాడు. మళ్లీ పిడికెడు, మళ్లీ పిడికెడు. చేట ఖాళీ అయ్యేదాకా ఆపలేదు.

వదిన తలుపు దగ్గరికి వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుంది. "బాగుండాది సంబడం! ఇల్లంతా బొరుగులే. ఇప్పుడు ఊడ్చేది ఎవురు, మీ ఇంజనీరా?"

"వాడు ఊడ్చడు, నేను ఊడుస్తాలే" అని అన్న నిజంగానే చీపురు పట్టాడు.

అప్పుడొచ్చాడు నాయన. బొమ్మను చేతిలోకి తీసుకుని, తిప్పి తిప్పి చూసి, "దీనికి మొగం ఎటు?" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. కోసు ముక్కును చూపించాను. "ఇదే నాయనా ముందర. జీపుకు తగులుకునేది ఈ పక్క."

"అంటే ముందు సన్నం, ఎనక వెడల్పు. గోముఖం చేసినావు."

"ఏం ముఖమో, గాలికి అడ్డం ఉండదు."

"గాలి సంగతి నీకు తెలుసు, మొగం సంగతి నాకు తెలుసు. గోముఖం ఇంటికి మేలు. వచ్చింది వచ్చినట్టు లోపలే నిలుస్తాది. ఇది ఇల్లా? అంగడి సరుకు ఉండే చోటు అంగడే గదా. అంగడికి సింహముఖం ఉండాల. ముందు వెడల్పు, ఎనక సన్నం. అప్పుడే సరుకు కదిలేది."

మా పక్క ఇల్లు కట్టినా, అంగడి కట్టినా, స్థలం కొన్నా ఈ మాట రాకుండా ఉండదు. కానీ చక్రాల మీద తిరిగే పెట్టెకు కూడా వాస్తు చూసేవాడు మా నాయన ఒక్కడే అయుంటాడు. నేను నెత్తీ నోరూ కొట్టుకున్నాను. ముందు వెడల్పు పెడితే గాలి ఇంకా ఎక్కువ తగులుతుందని చెప్పాను. ఆయన వినలేదు. "నా బొరుగులు దాంట్లో ఎక్కవు" అని తేల్చేశాడు. అన్న మధ్యలో నిలబడి ఇద్దరికీ సర్దిచెప్పాడు, ఇద్దరి చేతా తిట్లు తిన్నాడు. రెండు రోజులు ఇంట్లో ఎవరికీ మాటల్లేవు.

మూడో రోజు పొద్దున నాకొక ఆలోచన తట్టింది. తట్టకుండా ఉంటే ఎంత బాగుండేదో. నాయన బట్టీ దగ్గర ఇసక జల్లిస్తుంటే పోయి పక్కన కూర్చున్నాను.

"నాయనా, అంగడికి మొగం యాడుంటాది?"

"వాకిలి యాడుంటే ఆడ. గిరాకీ వచ్చి నిలబడే చోట."

"మన పెట్టెకు వాకిలి యాడుండాది?"

"ఎనకాల."

"సరుకు దించుకునేవాళ్లు యాడ నిలబడతారు?"

"ఎనకాలే. అయితే?"

"అయితే మొగం ఎనకే ఉన్నట్టు. వెడల్పు వాకిలి పక్కనుండాది. సన్నం లోపలి పక్కనుండాది. ఇది నువ్వు చెప్పిన సింహముఖమే గదా. జీపు దాన్ని ఈపు పక్కనించి లాగుతా ఉండాది, అంతే."

నాయన జల్లెడ కింద పెట్టి నా మొహంలోకి చూశాడు. తర్వాత పగలబడి నవ్వాడు. "ఓరి నీ పాసుగూల! లాయరు నోరురా నీది" అని నా వీపు మీద ఒక్కటి చరిచాడు. సాయంత్రానికి ఈ సంగతి ఊరంతా తెలిసింది. టీ బంకు దగ్గర అన్న దాన్ని పదిసార్లు చెప్పి పదిసార్లు నవ్వాడు. నాకు కళ్లు నెత్తికెక్కాయి. శాస్త్రాన్నీ గాలినీ ఒక్క దెబ్బకు ఒప్పించిన మొనగాణ్ణి అనుకున్నాను. ఆ ఊపులో, నాయన మనసు ఇంకొంచెం నిండుతుందని, వాకిలి పక్క వెడల్పు అనుకున్నదానికంటే జేనెడు పెంచాను కూడా.

నెల రోజులు ఆ ట్రైలరు మీదే ఉన్నాను. వేరే పనులు పక్కన పడేశాను. కోసు ముక్కుకు రేకును రెండు పక్కలా వంచి, అతుకు కనబడకుండా గ్రైండరు పట్టాను. పై అంచులు గుండ్రంగా తిప్పాను. కింద ఇరుసు బిగించేటప్పుడు, ఎప్పుడూ చేసినట్టే పెట్టె పొడవు టేపుతో కొలిచి, సగానికి రవ్వంత వెనక గుర్తు పెట్టి వెల్డింగ్ చేశాను. నలుపలకల పెట్టెలకు ఆ లెక్క ఎన్నడూ తప్పలేదు. ఈ పెట్టె నలుపలకలది కాదని, ముందు సన్నమై వెనక లావైన దానికి బరువంతా ఇరుసు దాటి వెనకే చేరుతుందని, నాకు తట్టలేదు. లాయరు నోరున్నవాడికి ఆ మాత్రం ఇంగితం లేకపోయింది. గాలి కోసం ఇంటినిండా బొరుగులు ఎగరేసి చూశాను గాని, ఒక్క మూట పెట్టి తూచి చూడలేదు.

పసుపూ కుంకుమా పెట్టి, టెంకాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి ఒక శుక్రవారం పొద్దున బండి కదిలించాం. నాయన వెనక వాకిలికి దండం పెట్టుకున్నాడు, మొగం అదే కాబట్టి. అన్న తిరుపతి పోయి సాయంత్రానికి తిరిగొచ్చాడు. వస్తూనే షెడ్డు ముందు జీపు ఆపి, దిగి, నన్ను గట్టిగా పట్టుకున్నాడు.

"ఎనకాల ఏదన్నా ఉండాదా లేదా అని రెండు తూర్లు అద్దంలో చూసుకున్నానురా. ఉన్నట్టే తెలీలేదు. ఏం చేసినావురా తమ్ముడా!"

పక్క షెడ్డువాళ్లంతా చూస్తున్నారు. నేను ఆనందం బయటికి కనబడకుండా, "సరేలే అన్నా, వదులు, చక్రాలు చూస్తా" అన్నాను. అంత సంతోషం అంతకుముందు గాని ఆ తర్వాత గాని నాకు తెలియదు.

ఆ తర్వాత రెండు నెలలు బండి బాగానే తిరిగింది. అంటే బాగానే తిరుగుతోందని అన్న చెప్పేవాడు. వెనక చోటు ఎక్కువ ఉండటంతో బొరుగులతోపాటు వేయించిన పప్పుల మూటలు కూడా వేసుకోవడం మొదలుపెట్టాడు. అవి బరువు. సన్నటి ముక్కులో అవి పట్టవు. దించడానికి సులువుగా ఉంటుందని వాకిలి దగ్గరే పేర్చేవాడు. తేలిక సరుకంతా ముందుకు, బరువంతా వెనక్కి. ఎక్కించేటప్పుడు నేను రెండుమూడు సార్లు చెయ్యి కూడా వేశాను. నా చేతులతోనే ఆ మూటలు అక్కడ పెట్టాను.

మా పక్క పెద్దగాలులు వీచే ఆడి నెలలో ఒక రోజు, పొద్దున పదిగంటలప్పుడు ఫోనొచ్చింది. పుత్తూరు దారిలో, వంతెన దిగేచోట బండి తిరగబడిందని. ఎవరిదో గొంతు, ఎవరో దారినపోయే మనిషి. అన్న ఫోన్లోంచే చేశాడు. ఎవరి బైకు ఎక్కానో, ఎట్లా పోయానో గుర్తులేదు. పోయేసరికి అన్నను ఆటోలో ఎక్కిస్తున్నారు. చొక్కా చిరిగిందే తప్ప పైకి పెద్ద దెబ్బలేమీ కనబడలేదు. నన్ను చూశాడు. ఏదో అనబోయాడు. తల నా ఒళ్లో పెట్టుకున్నాను. ఆస్పత్రి వాకిట్లోకి ఆటో తిరిగేలోపే చెయ్యి చల్లబడింది.

చూసినవాళ్లు చెప్పారు. వంతెన దిగుతుంటే వెనక పెట్టె ఇటూ అటూ ఊగడం మొదలుపెట్టిందట. ఊగి ఊగి, ఊపు పెరిగి, జీపును కూడా అడ్డం తిప్పేసిందట. జీపు పల్టీ కొట్టింది. పెట్టె కొక్కెం ఊడి పక్కన నిలబడిపోయింది. నేను అంత మురిపెంగా వంచిన ముక్కుకు ఒక్క గీత కూడా పడలేదు. అందరూ ఆడిగాలి అన్నారు. పెద్ద గాలే వీస్తోంది ఆ రోజు. నేనూ గాలే అనుకున్నాను, రెండు రోజులు.

మూడో రోజు పోలీసు స్టేషనుకు పోయాను. బండిని ఆ ఆవరణలో పెట్టారు. లోపల పప్పుల మూటలు ఇంకా వాకిలి దగ్గరే ఉన్నాయి. జీపుకు తగులుకునే ముందు కొక్కెం కింద ఒక రాయి ఆనించి ఉంది. దాన్ని జరుపుదామని కొక్కెం పట్టుకున్నాను. బరువు లేదు. చిటికెన వేలుతో ఎత్తినంత సులువుగా ముక్కు పైకి లేచింది. ట్రైలరు బరువులో కొంత ఎప్పుడూ ఆ కొక్కెం మీదికి రావాలి. రాకపోతే వెనక భాగం తోక ఊపుతుంది. ట్రైలరు పని చేసే ప్రతివాడికీ తెలిసిన సంగతి ఇది. జేబులోంచి టేపు తీసి కొలిచాను. ఇరుసు ఇంకొక్క జేనెడు వెనక్కి ఉండాల్సింది. పప్పుల మూటలు ముందుకు ఉండాల్సింది. కానిస్టేబులు వచ్చి, "ఏమప్పా, ఏం కొలస్తా ఉండావు?" అన్నాడు. ఏమీ లేదు సార్ అన్నాను. టేపు జేబులో పెట్టుకున్నాను. ఆ మాట కూడా జేబులోనే పెట్టుకుని ఇంటికొచ్చాను.

ఇంట్లో నాయన బట్టీ ఆర్పేశాడు. పరామర్శకు వచ్చిన ప్రతి మనిషికీ ఒకటే చెప్పేవాడు. "సింహముఖం కావాలని మొండికేసినాను. పిల్లోళ్లు చేసుకునేది వాళ్లను చేసుకోనీకుండా అడ్డం పడినాను. నోరులేని బండికి మొగమేంది, వాకిలేంది? ఎనక వెడల్పు చేయించి నా కొడుకును నేనే తిన్నాను." వింటున్నవాళ్లు, "ఊరుకో మామా, అది గాలిపని" అనేవాళ్లు. ఆయన ఊరుకునేవాడు కాదు. సంగటి ముద్ద ముందు కూర్చుని, సగం తిని, చెయ్యి కడుక్కునేవాడు. ఒకసారి నా రెండు చేతులూ పట్టుకుని, "నువ్వు మంచిగా చేస్తా ఉంటివి, నేనే చెడగొట్టినా. నన్ను తిట్టరా" అన్నాడు. నేను తిట్టలేదు. నిజమూ చెప్పలేదు. చెబితే ఉన్న ఒక్క కొడుకునూ ఏ మొహంతో చూస్తాడని భయం. ఆయన కోసం దాస్తున్నానని నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. నా కోసమే దాచాను.

ఆ వంతెన మీదుగా తిరగలేక షెడ్డు ఎత్తేసి పాకాలకు మారాను. వారానికొకసారి ఇంటికి పోయేవాణ్ణి. పోయిన ప్రతిసారీ నాయన ఇంకొంచెం చిక్కినట్టుండేవాడు. వదిన కుట్టు మిషను ముందు తల వంచుకుని కూర్చునేది. నాతో తిన్నావా అనడం తప్ప వేరే మాట ఉండేది కాదు. నేను ఎక్కువసేపు ఉండకుండా బస్సు వేళ చెప్పి లేచిపోయేవాణ్ణి.

అన్న సంవత్సరీకం రోజు, భోజనాలయ్యి బంధువులు వెళ్లిపోయాక, మధ్యాహ్నం మూడింటప్పుడు ముగ్గురం మిగిలాం. నాయన విస్తరి ముందు కూర్చున్నాడు గాని తినలేదు. మళ్లీ అదే మొదలుపెట్టాడు. "నా నోరు పడిపోయినా బాగుండు. ఆ దినం మొగం మాట ఎత్తకుండా..."

"నాయనా, ఆపు" అన్నాను. అరిచినట్టే అన్నాను. "నీ సింహముఖమూ కాదు, మట్టీ కాదు. ఇరుసు. నేను ఇరుసు పెట్టిన చోటు తప్పు."

ఆయనకు అర్థం కాలేదు. గ్లాసులో నీళ్లలో వేలు ముంచి, గచ్చు మీద పెట్టె గీశాను. ఇరుసు గీశాను. మూటలు ఎక్కడున్నాయో చూపించాను. బరువు వెనక్కి పడితే ముక్కు ఎందుకు లేస్తుందో, తోక ఎందుకు ఊగుతుందో చెప్పాను. వెడల్పు ఎంతైనా పెట్టుకోవచ్చు, ఇరుసు ఒక్కటి సరిగ్గా ఉండుంటే ఏమీ అయ్యేది కాదు అన్నాను. ఆయన ఆ తడిగీతలు ఆరిపోయేదాకా చూశాడు.

"ఇది నీకు ఎప్పుడు తెలిసింది?"

"మూడో దినం. టేసన్ల."

"ఏడాదిరా" అన్నాడు నాయన. "ఏడాది నన్ను ఏడవనిచ్చినావు."

కొడితే బాగుండు అనుకున్నాను. కొట్టలేదు. మొహం పక్కకు తిప్పుకున్నాడు. అప్పుడు వంటింటి గడప దగ్గర నిలబడిన వదిన మాట్లాడింది. ఆమె గొంతు అంత సన్నగా ఎప్పుడూ వినలేదు.

"ఆయనకూ తెలుసు మామా."

నేను తలెత్తాను. "ఎవురికి?"

"మీ అన్నకు. బండి ఊగతా ఉండాదని తెలుసు. మొదటి దినమే తెలుసు. తిరపతినించి వచ్చి కాళ్లు కూడా కడుక్కోలా, ఈడే నిలబడి చెప్పినాడు. 'ఎనక తోక ఊపతా ఉండాదే, దిగుడులో బయమేస్తా ఉండాది' అని."

"నాతో ఎనక ఉన్నట్టే తెలీలేదన్నాడే!" అన్నాను. "షెడ్డు ముందర, అందరి ముందర అన్నాడే వదినా!"

"నీతో అట్లనే అంటాడబ్బా." వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నేను చెప్తానంటిని. చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నాడు. 'వాడు నెల దినాలు నిద్రలేకుండా చేసినాడే. శానా ఆశగా ఉండాడు. ఇప్పుడు బాగలేదంటే వాని మొగం చిన్నబోతాది. నేను మెల్లగా తోలుకుంటాలే' అన్నాడు. నేనూ సరేలే అనుకుంటిని. నేనూ చెప్పలా."

నాయన ఏడ్చాడు. వదిన ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు. లేచి బయటికొచ్చి, ఆరిపోయిన బట్టీ పక్కన నిలబడ్డాను. అన్న మీద కోపం ముంచుకొచ్చింది. ఇరుసును జేనెడు వెనక్కి జరపడం నాకు ఒక పూట పని. నాలుగు బోల్టులు, రెండు అతుకులు. అన్న టీ తాగి వచ్చేలోపు చేసి పెట్టేవాణ్ణి. ఒక్క మాట. ఊగుతోందిరా అని ఒక్క మాట అనుంటే చాలు. రెండు నెలలు ఆ వంతెన దిగిన ప్రతిసారీ, స్టీరింగు బిగించి పట్టుకుని, భయపడుతూ, సాయంత్రం నా దగ్గరికొచ్చి నవ్వాడు. నా మొహం చిన్నబోకూడదని.

ఎవరడిగారు అన్నా నిన్ను? నా మొహం చిన్నబోతే ఏమయ్యేది? రెండు రోజులు అలిగేవాణ్ణి, నీతో మాట్లాడకుండా షెడ్డులో కూర్చునేవాణ్ణి. మూడో రోజు నువ్వే వచ్చి నవ్వించేవాడివి కదా.